బహుమతి గడికా, ఫొటోకా?

పాత కోటలోనో రాజమహల్లోనో ఫొటోగ్రఫీ పోటీ పెడితే ఏ ఫొటోకి మొదటి బహుమతి వస్తుందో ఫలితాలు రాకముందే చెప్పేయవచ్చు. అది తెల్లవారుజామునో సంజవేళో తీసినదై ఉంటుంది. కమానులు ఒకదాని వెనుక ఒకటి కుదురుగా నిలబడి ఉంటాయి. ముందు నీళ్లుంటే భవనం అందులో తలకిందులుగా కనిపిస్తుంది. మనిషంటూ ఉంటే ఒక్కరే ఉంటారు, ఎర్ర చీరో ఎర్ర గొడుగో తప్పనిసరి, ముఖం మాత్రం అటు తిరిగి ఉండాలి. అదే హైదరాబాద్‌లోని నిజాముల చౌమహల్లా ప్యాలెస్ అయితే ఇంకా సులువు. ఖిల్వత్ దర్బారు హాలులో వేలాడే పందొమ్మిది షాండ్లియర్లు, కింద మెరిసే పాలరాయి, మధ్యలో ఎవరూ లేని సింహాసనపు గద్దె. సందర్శకులను కొద్దిసేపు ఆపిస్తే చాలు, చూసినవాళ్లు అబ్బ అనేలా ఫొటో వస్తుంది.

ఇలాంటి ఫొటోల మీద నాకు కోపం లేదు. నా ఫోను తెర మీద ఉన్నదీ అలాంటిదే. నా తగువు పోటీతో. ‘చరిత్రను కెమెరాలో బంధించండి’ అని పోస్టరు వేసి, వచ్చినవాటిలో చరిత్ర అతి తక్కువగా ఉన్న ఫొటోని వెతికి పట్టుకుని దానికే బహుమతి ఇస్తారు. బహుమతి ఫొటోది కాదు, భవనానిది. నిన్నటి పాలకుడి ఇంటికి ఈనాటి ఫొటోగ్రాఫరు చేసే ఉచిత సేవ అది.

కొన్నేళ్ల కిందట ఉత్తర తెలంగాణలోని ఒక గడిలో, అంటే కోటలాంటి పాత దొర ఇంట్లో, జరిగిన పోటీకి నన్ను న్యాయనిర్ణేతల్లో ఒకరిగా పిలిచారు. ఊరి పేరు, నిర్వాహకుల పేరు ఇక్కడ అనవసరం. పిలిచినవాళ్లు మంచివాళ్లు, పెట్టిన భోజనం ఇంకా మంచిది. రెండు బురుజులు, ఏనుగు పట్టేంత దర్వాజ, లోపల టేకు స్తంభాల లోగిలి. ముందు భాగానికి డంగు సున్నంతో మరమ్మతులు బాగానే చేయించారు. వెనుక పశువుల కొట్టం, ధాన్యపు గదులు, చేదబావి ఉన్న భాగం ఇంకా అలాగే ఉంది. అటు పోకుండా తాడు కట్టి, ‘పని జరుగుతోంది’ అని అట్ట తగిలించారు. పోటీదారులంతా ముందు లోగిలిలో ట్రైపాడ్లు పాతేసి, ఎవరి ఫ్రేములోకి ఎవరూ రాకుండా ఒకరినొకరు బతిమాలుకుంటున్నారు.

వచ్చిన ఎంట్రీల్లో ఒకటి తాడు దాటి వెళ్లి తీసినది. బావి గట్టు రాయి, బాగా దగ్గరగా. నల్లరాయి అంచు మీద వేలు దూరేంత లోతున చాళ్లు, పక్కపక్కనే, కొన్ని చోట్ల రెండు కలిసిపోయి ఒకటే అయ్యాయి. తాడు ఒరుసుకున్న లోపలి వైపు గాజులా నున్నగా ఉంటే, బయటి వైపు రాయి గరుకుగా, ఉలి దెబ్బలతో అలాగే ఉంది. ఒక చాలులో వాన నీళ్లు నిలిచాయి. ఏటవాలు వెలుగులో ఆ నీటి చుక్క ఒక్కటే తెల్లగా మెరుస్తోంది. పంపినది డిగ్రీ చదువుతున్న ఆ ఊరి అమ్మాయి. కింద రెండు వాక్యాలు రాసింది: “గిలక ఉన్న వైపు గడివాళ్ల కోసం. గిలక లేని ఈ వైపు మా ముత్తవ్వ చేదేదట.”

గిలక ఉన్న వైపు తాడు గిలక మీద నడుస్తుంది, రాయికి తగలదు. చాళ్లు పడేది గిలక లేనివాళ్ల వైపే. ఆ ఒక్క సంగతి తెలిశాక ఆ రాయి మరి రాయిలా కనిపించదు.

నా పక్కన కూర్చున్న పెద్దాయన ఫొటోని చాలాసేపు చూసి, “బాగుందండీ, కానీ ఇందులో గడి ఎక్కడుంది? ఇది ఏ ఊరి బావైనా కావచ్చు కదా” అన్నారు. ఆయన చేయి తిరిగిన ఫొటోగ్రాఫరు, మాట తేలిగ్గా తీసేయదగ్గది కాదు. “గడంటే ఇదేనండీ, మిగతాదంతా గోడలు” అన్నాను. ఆయన నవ్వారు, ఒప్పుకోలేదు. ముగ్గురిలో ఇద్దరు బురుజు వెనుక సూర్యాస్తమయానికి ఓటేశారు. ఆ అమ్మాయికి ప్రోత్సాహక బహుమతి కూడా రాలేదు, పైగా తాడు దాటినందుకు కాపలాదారు కసిరాడట.

ఆ పెద్దాయన ప్రశ్నకి అక్కడ నేను ఇవ్వలేకపోయిన సమాధానం ఇంగ్లండులో ఉంది. విల్ట్‌షైర్‌లో లేకాక్ ఆబీ అని పాత ఎస్టేటు. 1232లో సన్యాసినుల మఠంగా మొదలై, ఎనిమిదో హెన్రీ మఠాలను రద్దు చేసినప్పుడు జమీందారీ భవనంగా మారింది. పంతొమ్మిదో శతాబ్దంలో దాని యజమాని విలియం హెన్రీ ఫాక్స్ టాల్‌బట్. కాగితం మీద నెగటివ్ తీసి దాని నుంచి ఎన్ని ప్రింట్లయినా వేసుకునే పద్ధతిని కనిపెట్టినవాడు. ఆ ఇంటి దక్షిణపు గ్యాలరీలోని ఒక కిటికీని 1835 ఆగస్టులో తీశాడు. తపాలా బిళ్ల కన్నా కాస్త పెద్దదిగా ఉండే ఆ కాగితం ముక్క ఇప్పటికీ మిగిలి ఉన్న తొలి నెగటివ్. భూతద్దంతో చూస్తే కిటికీలోని దాదాపు రెండు వందల గాజు పలకలనూ లెక్కపెట్టుకోవచ్చని పక్కనే రాసుకున్నాడు.

అంటే చారిత్రక భవనంలో ఫొటో తీయడం ఫొటోగ్రఫీతోనే పుట్టింది. ఆ ఇల్లు టాల్‌బట్‌ సొంతం, దాని గోపురాలు, వంపు కిటికీలు, ఆరు శతాబ్దాల రాతి కట్టడం అంతా అతని కళ్ల ముందే ఉంది. భవనాన్నీ తీశాడు. కానీ లోకం గుర్తుపెట్టుకున్న అతని ఫొటో ఏది? 1844లో తీసిన ‘తెరిచిన తలుపు’. పనివాళ్లు తిరిగే పెరటి వైపు పాత తలుపొకటి, దానికి ఆనించి ఒక చీపురు, పక్కన గోడకు వేలాడే లాంతరు, లోపల చీకటి. అంతే. ఫొటోలతో అచ్చయి అమ్మకానికి వచ్చిన తొలి పుస్తకమని చెప్పుకునే ‘ది పెన్సిల్ ఆఫ్ నేచర్’ లో దాన్ని చేర్చి, రోజూ కంటపడే మామూలు దృశ్యాలను చిత్రించడానికి డచ్చి చిత్రకారులే మనకు ఒరవడి అని సంజాయిషీ కూడా రాశాడు. జమీందారు చీపురు ఫొటో తీస్తే నలుగురూ ఏమంటారో అని భయపడి ఉంటాడు.

చీపురును తెచ్చి అక్కడ ఆనించినది అతనే, ఆ సంగతి దాచనక్కర్లేదు. కోణం మార్చి, నీడ మార్చి, ఒకటికి నాలుగుసార్లు తీశాడు. ఊడ్చే మనిషి మాత్రం ఫొటోలో లేడు. అప్పటి కాగితానికి చాలాసేపు వెలుగు కావాలి, మనిషి కదిలితే చెదిరిపోతాడు, చీపురు కదలదు. ఆ పుస్తకంలోనే నిచ్చెన చుట్టూ మనుషులను నిలబెట్టి తీసిన ఫొటో ఒకటి ఉంది, గడ్డివాము ఉంది. ఆ ఎస్టేటును నిలబెట్టిన చాకిరీ వైపు కెమెరా తిప్పడానికి దాని యజమానికి అడ్డు రాని నామోషీ, గడిలో పోటీ పెట్టే మనకు ఎందుకో అర్థం కాదు.

టాల్‌బట్ ఆ పుస్తకంలో ఇంకొక మాట రాశాడు. ఫొటో తీసేటప్పుడు మనం గమనించని వస్తువులెన్నో అందులోకి వచ్చి చేరతాయట. చాలా కాలం తర్వాత పరీక్షగా చూస్తే గోడ మీది రాతలు, తేదీలు, దూరాన గడియారం చూపుతున్న వేళ కూడా బయటపడతాయట. కెమెరా బలం ఏమిటో అంత తొలినాళ్లలోనే పట్టుకున్నాడు. మనం అడగనిదాన్ని కూడా అది రాసి పెట్టుకుంటుంది. మన పోటీలు చేసేది సరిగ్గా దీనికి విరుద్ధం. ఫ్రేములోకి వచ్చిన కరెంటు తీగను చెరిపేసినవాడికి మార్కులు, ఆరేసిన బట్టలను తుడిచేసినవాడికి ఇంకొన్ని మార్కులు. యాభై ఏళ్ల తర్వాత ఎవరైనా ఆ ఫొటో చూసి, ఈ గడికి కరెంటు ఏ వైపు నుంచి వచ్చేదో తెలుసుకోవాలనుకుంటే ఏమీ దొరకదు.

‘దర్బారు ఫొటోగ్రఫీ ఎప్పుడూ యజమాని పొగడ్తే కదా, పోటీని మాత్రం ఎందుకు తప్పుపట్టాలి’ అని అడగవచ్చు. అలా అడిగేవాళ్లు రాజా దీన్‌దయాళ్‌ను మరిచిపోతున్నారు. 1844లో మీరట్ దగ్గరి సర్ధానాలో పుట్టి, రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇందౌరులో ప్రజాపనుల శాఖ కొలువు వదిలి కెమెరా పట్టినవాడు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆయనను ఆస్థాన ఫొటోగ్రాఫరుగా పెట్టుకుని ముసవ్విర్ జంగ్ బిరుదిచ్చాడు. ఆయన పని యజమానిని గొప్పగా చూపడమే, జీతం దానికే. వేటలు, విందులు, సైనిక కవాతులు, మహళ్ల లోపలి సోఫాలు, అద్దాలు అన్నీ తీశాడు. నిజాం ప్రభుత్వం చేసిన మంచి పనులను చూపే ఆల్బముల్లో భాగంగా ఔరంగాబాద్ జిల్లా కరువు సహాయ పనులు కూడా ఆయన స్టూడియో కెమెరాకు ఎక్కాయి. అవి కూడా ప్రచారం కోసమే. ప్రభువు అన్నం పెడుతున్నాడని చెప్పడానికే. అయినా వరుసగా నిలబడినవాళ్ల డొక్కలు ఎంత లోపలికి పోయాయో, పిల్లల కాళ్లు ఎంత సన్నగా ఉన్నాయో ఆ ప్లేట్ల మీద పడనే పడ్డాయి. ప్రచారం ఎప్పుడో పాతబడింది, డొక్కలు మిగిలాయి.

భవనాల సంగతికొస్తే, ‘పైగా’ అని పిలిచే నిజాం కాలపు ప్రభు వంశానికి చెందినవాడు, హైదరాబాద్ దివానుగా పనిచేసిన ఆస్మాన్ జా కట్టించిన బషీర్‌బాగ్ ప్యాలెస్ ఇప్పుడు లేదు. ఆ పేరుతో పిలిచే కూడలిలో సిగ్నలు కోసం ఆగిన మనలో చాలామందికి అక్కడొక మహలు ఉండేదన్న సంగతే తెలియదు. దాని హాలు ఎలా ఉండేదో, కుర్చీలు ఎలా వేసేవారో చూపించేవి దీన్‌దయాళ్ ఫొటోలే. అన్నీ నిదానంగా, నిండుగా, మూలమూలనా వస్తువులు కనిపించేలా తీసినవి. ఈనాటి పోటీకి పంపితే ‘ఫ్రేము మరీ కిక్కిరిసిపోయింది’ అని పక్కన పెట్టేసేవారేమో.

గడి సంగతి మహలు కన్నా బరువైనది. తెలంగాణ పల్లెలో గడి అంటే ఇల్లు ఒక్కటే కాదు, కచేరీ, ధాన్యపు కొట్టు, శిక్ష పడే చోటు, వెట్టి మొదలయ్యే గుమ్మం. బట్టలుతకడం, నీళ్లు మోయడం, కుండలివ్వడం, మేనా మోయడం, దొర కచ్చురం ముందు పరుగెత్తడం, ఏ కులం ఏం చేయాలో అక్కడ రాసిపెట్టి ఉండేది. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగింది విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల తుపాకులకే. ఆ దొర గడి ముందే జనం లేచారు. 1949లో జాగీర్లు రద్దయ్యాయి, సాయుధ పోరాటం 1951 దాకా సాగింది. ఆ తర్వాత చాలా గడులు కూలాయి, కొన్ని బడులయ్యాయి, ఇంకొన్నిటిలో పావురాలు, గబ్బిలాలు కాపురం పెట్టాయి. అలాంటి ఇంట్లో ‘రాజసం’ అన్న అంశం మీద పోటీ పెట్టడానికి ఎంత అమాయకత్వం కావాలి?

ఇక్కడ నిర్వాహకుల పక్షాన కూడా మాట్లాడాలి, వాళ్లు చెప్పేది అబద్ధం కాదు కనుక. పాత కట్టడం నిలబడాలంటే డబ్బు కావాలి. డంగు సున్నం పనివాళ్లు దొరకరు, దొరికినా సిమెంటు పని కన్నా కొన్ని రెట్లు ఖర్చు. వనపర్తి రాజప్రాసాదంలో పాలిటెక్నిక్, గద్వాల కోటలో డిగ్రీ కళాశాల నడవడం వల్లే అవి కొంతైనా నిలిచాయి. అలాంటి అదృష్టం లేనివి నేలమట్టమయ్యాయి. ఇరవై ఏళ్లుగా పద్ధతిగా మరమ్మతులు జరిగినచోట ఫలితం కనిపిస్తూనే ఉంది. చౌమహల్లాకు 2010లో, కామారెడ్డి జిల్లా దోమకొండ కోటకు 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పరిరక్షణ పురస్కారాలు వచ్చాయి. ఇవి గాలికి రాలేదు. జనం రావాలి, జనం రావాలంటే చూడముచ్చటైన ఫొటో కావాలి, అందుకే పోటీ. ఫొటోలు తీయడానికి వచ్చిన కుర్రాళ్లలో ఒకరిద్దరికైనా ఆ గోడల మీద ప్రేమ పుడితే అదే పదివేలు అని ఒక నిర్వాహకుడు నాతో అన్నాడు. నిజమే.

అయితే ప్రచారానికి ఫొటో కావలసి వస్తే ఒక ఫొటోగ్రాఫరును పిలిచి, కూలి ఇచ్చి, తీయించుకోవచ్చు. వందమంది చేత తీయించి, ఒకరికి షీల్డు ఇచ్చి, వందమంది ఫొటోలూ తీసుకోవడం వేరే బేరం. ఆ గడి పోటీ నిబంధనల్లో చివరి వాక్యం ఇలా ఉంది: ‘పంపిన ఫొటోలన్నిటిపై సర్వహక్కులూ నిర్వాహకులవే.’ గెలిచినవాటిపై అని కూడా కాదు, పంపినవాటన్నిటిపై. తర్వాత ఆ సూర్యాస్తమయం ఫొటో పెళ్లిళ్లకు గడిని అద్దెకిచ్చే కరపత్రం మీద కనిపించింది. తీసినవాడి పేరు ఎక్కడా లేదు. అతను ఫిర్యాదు చేయలేదు, ‘మన ఫొటోనే కదా సార్’ అని సంబరపడి నాకు పంపాడు.

ఈ సర్వహక్కుల మాటను మనవాళ్లు చదవకుండానే టిక్కు పెడతారు కాబట్టి కాస్త ఆగి చెప్పాలి. 1957 కాపీరైటు చట్టం ప్రకారం ఫొటోకి కర్త దాన్ని తీసినవాడే. ఎవరైనా డబ్బిచ్చి తీయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు, ఆ హక్కు వాళ్లకు పోతుంది. పోటీలో డబ్బిచ్చి తీయించుకున్నవాళ్లు ఎవరూ లేరు, పైగా ప్రవేశ రుసుము కట్టింది మనమే. హక్కు మరొకరికి రాసివ్వాలంటే రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలని 19వ సెక్షను అంటుంది. ఎంత కాలానికో రాయకపోతే అయిదేళ్లనీ, ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశం వరకేననీ అదే సెక్షను చెబుతుంది. ‘సర్వహక్కులూ’ అని ఒక్క మాట గీకి పారేస్తే యావజ్జీవం వచ్చేయదు. అన్నీ రాసిచ్చేసినా, ఇది నేను తీసిందే అని చెప్పుకునే హక్కు 57వ సెక్షను కింద తీసినవాడి దగ్గరే ఉంటుంది. కరపత్రం మీద పేరు వేయమని అడగడం దయ కోరడం కాదు.

ఇంతకన్నా మర్యాదైన పద్ధతి ఒకటి చాలాకాలంగా నడుస్తోంది. వికీపీడియా లాంటి చోట్ల వాడుకోవడానికి పాత కట్టడాల ఫొటోలు పోగుచేసే వికీ లవ్స్ మాన్యుమెంట్స్ అనే పోటీ 2010లో నెదర్లాండ్స్‌లో మొదలైంది, మరుసటి ఏడాది యూరప్ దేశాలకు పాకి లక్షా అరవై వేలకు పైగా ఫొటోలతో గిన్నిస్‌కెక్కింది, 2012లో భారత్ కూడా చేరింది. అందులోనూ ఫొటో ఎవరైనా వాడుకోవచ్చు, కానీ హక్కు తీసినవాడిదే, వాడినవాడు పేరు చెప్పాలి. నాకు నచ్చినది మరొకటి. కట్టడాల జాబితా ఉంటుంది, ఏ ఫొటో ఏ కట్టడానిదో గుర్తింపుతో సహా చెప్పాలి. దాంతో బహుమతి రాని ఫొటో కూడా వృథా పోదు. అందంగా లేకపోయినా ఆ కట్టడానికి అదొక్కటే ఫొటో కావచ్చు, తెలుగు వికీపీడియాలో ఏదో ఊరి పేజీలో అది కూర్చుంటుంది. అక్కడ కూడా గెలిచేవి ఎక్కువగా పొగమంచులో గోపురాలేనని ఒప్పుకుంటాను. న్యాయనిర్ణేతల జబ్బుకు దేశభేదం లేదు.

గడిలో పోటీ పెట్టేవాళ్లను నేను అడిగేది పెద్దదేమీ కాదు. వెనుక భాగానికి కట్టిన తాడు తీసేయండి. ప్రమాదమైతే పదేసి మంది చొప్పున, ఒక మనిషిని తోడిచ్చి పంపండి. ప్రతి ఫొటో కింద నాలుగు వాక్యాలు రాయమనండి: ఇది ఏమిటి, ఏ వైపుది, దీన్ని ఎవరు వాడేవారు, ఈ సంగతి మీకు ఎవరు చెప్పారు. చివరి ప్రశ్న ఒక్కటి చాలు, కెమెరా పట్టుకొచ్చిన కుర్రాడు ఊళ్లోకి వెళ్లి ఒక ముసలాయన పక్కన అరుగు మీద కూర్చోక తప్పదు. అది జరిగితే పోటీ సగం గెలిచినట్టే. ఆ వాక్యాలకు మార్కులుండాలి. వచ్చిన ఫొటోలన్నీ, ఓడినవీ గెలిచినవీ, వాక్యాలతో సహా ఊరి గ్రంథాలయంలో ఒక కంప్యూటరులో పెట్టాలి. రేపు వెనుక భాగం బాగుచేసేటప్పుడు ఏ గది ఎలా ఉండేదో చూసుకోవడానికి అవి మేస్త్రీలకే పనికొస్తాయి. బావి గట్టును కొత్త గ్రానైటుతో ‘అందంగా’ మార్చేసే లోపు, ఆ చాళ్లు ఎక్కడ ఉండేవో కనీసం ఒక ఫొటోలోనైనా ఉంటాయి.

ఈ ఏడాది వాళ్లే మళ్లీ ఫోను చేసి, “మీరు రావాలండీ, ఈసారి డ్రోను విభాగం కూడా పెడుతున్నాం” అన్నారు. వస్తాను కానీ రెండు మార్పులు కావాలన్నాను: ఫొటో కింద నాలుగు వాక్యాలు, నిబంధనల్లో చివరి వాక్యం తీసివేత. మొదటిదానికి అప్పటికప్పుడే సరేనన్నారు. రెండోది వకీలుతో మాట్లాడి చెబుతామన్నారు.